చివరి నాలుగంకెలు

పోయిన వారం కామాని కుర్చీలోనే వదిలేసి వచ్చాం. చేతిలో ఫిర్యాదు కాగితం, ఎదురుగా చల్లారిన కాఫీ. కాఫీ సంగతి తర్వాత.

కామా ముసలివాళ్లు చేతికి కట్టుకునే బ్యాండ్లు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రామరు. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు నాలుగు రోజులు తిండీతిప్పలు మాని ఒక తప్పుని వెతికి వెతికి, చివరికి తానే ఒక కామా పెట్టడం మరిచానని కనుక్కున్నాడు. అప్పటినుంచి అదే పేరు. ఆ బ్యాండుకి ఓ ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కితే ఇంట్లోవాళ్ల ఫోన్లు సైరన్‌లా మోగుతాయి. నొక్కే ఓపిక కూడా లేకుండా మనిషి పడిపోతే బ్యాండే కనిపెట్టి కబురు పంపుతుంది, ఎక్కడ పడ్డారో చోటుతో సహా. మిగతా వేళల్లో చోటు ఎవరికీ చెప్పదు.

మొన్న ఓ రిటైరైన డ్రాయింగు మాస్టారు స్నానాలగదిలో జారిపడి పంతొమ్మిదిసార్లు బటన్ నొక్కారు. పంతొమ్మిదిసార్లూ బ్యాండులోంచి ఓ ఆడగొంతు తియ్యగా, "మీ వాళ్లకి కబురు వెళ్లింది, ధైర్యంగా ఉండండి" అంది. కబురు ఎవరికీ వెళ్లలేదు. మాస్టారు ఆరుగంటలసేపు ధైర్యంగా ఉన్నారు. ఇప్పుడు తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన కూతురు ఆ బ్యాండుని ప్లాస్టిక్ కవర్లో వేసుకొచ్చి పొద్దుటినుంచి రిసెప్షన్లో కూర్చుంది. ఆఫీసంతా ఏకగ్రీవంగా నెట్‌వర్కుదే తప్పని తేల్చేసింది. నెట్‌వర్కు సమావేశాలకి రాదు కాబట్టి దానిమీద ఏది తోసినా కాదనదు.

కామా కాగితం చివర్న ఉన్న బ్యాండు నంబరు చూశాడు. పన్నెండంకెలు. చివరివి వరసగా నాలుగు, నాలుగు, ఒకటి, సున్నా. అవి అతని పాత స్కూటరు నంబరు.

అతను కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

నాలుగు నెలల కిందట కంపెనీ ఉద్యోగులకి తలా ఒక బ్యాండు ఉచితంగా ఇచ్చింది. కామాకి తాను తయారుచేసే వస్తువుల మీద నమ్మకం లేదు. అతని ఇంటి తలుపుకి ఇప్పటికీ ఇత్తడి తాళమే. కొత్త వస్తువు కొంటే జనం అదేం చేస్తుందని అడుగుతారు. ఎప్పుడు చేయడం మానేస్తుందని అడిగేవాడు ప్రోగ్రామరు. అయినా ఉచితంగా వచ్చినదాన్ని వద్దనే గుండె మధ్యతరగతి మనిషికి దేవుడివ్వలేదు. ఇంటికి పట్టుకెళ్లాడు.

ముందు మామగారికి కట్టబోయాడు. మామగారు ల్యాండు సర్వేయరుగా రిటైరయ్యారు. రోజుకి పది మాటలు మాట్లాడతారు, అందులో ఆరు భోజనం దగ్గరే. "ఆవు తప్పిపోతే దొరకాలని మెడలో గంట కడతారు," అన్నారాయన. "ముప్ఫై ఐదేళ్లు నేల కొలిచినవాణ్ణి. నేనెక్కడున్నానో నాకు తెలుసు."

ఆ రోజు కోటా అక్కడితో అయిపోయింది. అత్తగారు మాత్రం గాజులు పైకి తోసుకుని చేయి చాపారు.

మర్నాటినుంచి కామా జేబులో సైరన్ మొదలైంది. గుండె ఆగినంత పనై ఇంటికి ఫోన్ చేస్తే, రిమోటు కనపడటం లేదని నొక్కానన్నారు అత్తగారు. గంట తర్వాత మళ్లీ సైరన్. మబ్బు పట్టింది, బట్టలు తీసేయమంటారా. మళ్లీ సైరన్. ఫ్రిజ్‌లో గిన్నె మూత ఎర్రదా, నీలందా, మీరు పొద్దున చూశారు కదా. రోజుకి పాతిక తగ్గకుండా మోగేది. ఒకసారైతే, "ఏం లేదు అల్లుడుగారూ, పనిచేస్తోందో లేదో చూద్దామని," అన్నారు. దానికి కామా ఏమీ అనలేకపోయాడు. అతనికి జీతమిచ్చేదీ ఆ పనికే.

పదకొండు రోజుల కిందట, సమావేశం మధ్యలో ఆరోసారి మోగాక, అతను సీటుకొచ్చి ఒక లైను రాశాడు. ఫలానా బ్యాండునుంచి వచ్చే కబురుని ఎవరికీ పంపకు, తియ్యగా ఓ జవాబు చెప్పి ఊరుకో. ఫలానా అంటే పన్నెండంకెలూ రాయాలి. అవి అత్తగారి మణికట్టు మీద, బ్యాండు వెనకవైపున ఉన్నాయి. "అత్తయ్యగారూ, ఓసారి చేయి ఇలా ఇవ్వండి" అంటే చాలు. ఆ చేయి ఎప్పుడు నొప్పి మొదలైంది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఆ డాక్టరు తోడల్లుడు ఏమయ్యాడు, అన్నీ తేలేసరికి నలభై నిమిషాలు. కామాకి గుర్తున్నవి చివరి నాలుగంకెలే, స్కూటరు పుణ్యమా అని. అవే రాశాడు.

కిందనే ఇంకో చిన్న లైను కూడా పెట్టాడు. మింగేసిన ప్రతి కబురుకీ ఒక లెక్క. ఏ టైముకి, ఏ నంబరు, నొక్కారా లేక పడిపోయారా. భార్యతో ఎప్పుడైనా మాటామాటా వస్తే, మీ అమ్మ ఎన్నిసార్లు నొక్కిందో ఇదిగో చూడు అనడానికి. ఎక్కడినుంచి నొక్కారన్నది రాసుకోలేదు. మొగుడూపెళ్లాల వాదనకి చోటుతో పనేముంది.

మూడు రోజుల్లో అత్తగారు నెమ్మదించారు. "మీ అమ్మ బాగా సర్దుకుపోయింది," అన్నాడు భార్యతో, ఏదో తన పెంపకమైనట్టు.

కంపెనీ ఇప్పటికి మూడు లక్షల బ్యాండ్లు అమ్మింది. చివర ఆ నాలుగంకెలున్నవి ఎన్నో కామా వెతికాడు. ముప్ఫై ఒకటి.

ఒకటి అత్తగారిది. ఒకటి రిసెప్షన్లో ప్లాస్టిక్ కవర్లో ఉంది. మిగతా ఇరవై తొమ్మిదీ ఈ నిమిషాన ఎవరెవరి చేతులకో ఉన్నాయి. ఆ చేతులున్నవాళ్లు కింద పడితే తియ్యటి మాట ఒకటి వినిపిస్తుంది. అంతే.

అతను లేచి పదివేలు గారి కోసం వెళ్లాడు.

పదివేలు వాళ్ల బాసు. వాచీ చెప్పినట్టు రోజుకి పదివేల అడుగులు నడవాలని ఆయన దీక్ష. ఇంటి దగ్గర కుక్కలుంటాయని ఆఫీసులోనే నడుస్తాడు. ఆయనతో మాట్లాడాలంటే వెనక నడవాలి. జీతం పెంపు అడగడానికి వెళ్లినవాళ్లు మూడు చుట్లకే ఆయాసపడి, ఆరోగ్యం ముఖ్యమని గ్రహించి వెనక్కి వచ్చేసేవారు.

"సార్, ఒక్క నిమిషం."

"నడుస్తూ మాట్లాడదాం."

"డ్రాయింగు మాస్టారి విషయం సార్. అది నెట్‌వర్కు కాదు."

"మరి?"

"నేను."

పదివేలు నీళ్ల క్యాను దగ్గర మలుపు తిరిగాడు. "నేనంటే, మీ టీమా?"

"నేనంటే నేనే సార్. మా అత్తగారు ఉన్నారు కదా..."

"ఆవిడ మన టీమ్‌లో లేరు కదా."

ఒక చుట్టులో అత్తగారి సంగతి, రెండో చుట్టులో నాలుగంకెల సంగతి చెప్పాడు కామా. మూడో చుట్టు సగంలో, ప్రింటరు దగ్గర, పదివేలు ఆగిపోయాడు. ఆయన నిలబడటం ఆఫీసులో చాలామంది అదే చూడటం. ప్రింటరు దగ్గరున్న అమ్మాయి కాగితాలు వదిలేసి తప్పుకుంది.

"ఇంకెవరికి తెలుసు?"

"మీకూ నాకూ సార్."

"అంటే ఎవరికీ తెలీదన్నమాట."

"ఆ లైను ఇప్పుడే తీసేయాలి సార్. రెండు నిమిషాల పని."

"రేపు డెమో ఉంది. రేపు సాయంత్రందాకా కోడ్‌లో ఎవరూ వేలు పెట్టకూడదని చెప్పిందెవరు?"

"మీరే సార్."

"నా మాట నేనే తప్పితే రేపు ఎవడు వింటాడు? ఇప్పుడు నువ్వు అది తీస్తావు, ఇంకోటి ఊడుతుంది. ఆస్పత్రుల వాళ్లు పదిమంది వచ్చి కూర్చుంటే, వాళ్ల ముందు బటన్ నొక్కితే మోగదు. అప్పుడు మన అందరి పరిస్థితి ఏంటి?"

"ఇప్పుడూ మోగట్లేదు సార్."

"డెమో బ్యాండు చివరంకెలేంటి?"

"వేరే సార్."

"మరింకేం."

ఆయన మళ్లీ బయల్దేరాడు. కామా వెనకే. "ముప్ఫై ఒక్కమంది సార్. ఈ ఒక్క రోజులో ఎవరైనా పడితే..."

"అందరూ ఇవాళే పడాలని ముహూర్తం పెట్టుకున్నారా? సగటు తియ్యి."

"తీశాను సార్. రోజుకి ఇద్దరు నొక్కుతున్నారు, మా అత్తగారు కాకుండా."

"నొక్కినవాళ్లంతా పడ్డవాళ్లు కాదు కదా. మీ అత్తగారే సాక్ష్యం." ఆ మాట పదివేలుకే నచ్చింది. నడక ఊపందుకుంది. "చూడబ్బాయ్, మన దగ్గర ఎవరినీ వేలెత్తి చూపం. అది మన పద్ధతి. నెట్‌వర్కని రాశాం, అందరం సంతకాలు పెట్టాం. ఎల్లుండి నువ్వే నెమ్మదిగా తీసెయ్. నేను ఏమీ వినలేదు."

"మరి బయట కూర్చున్న ఆవిడకి?"

"కాఫీ ఇప్పించాం కదా?"

"మూడు ఇప్పించాం సార్."

"ఇంకోటి ఇప్పించు."

వాచీ టింగుమంది. ఏడువేలు దాటినందుకు అభినందనలు.

ఆ నాలుగో కాఫీ కామాయే పట్టుకెళ్లాడు. ఏం చెప్పాలో అతనికి తెలీదు. కప్పు చేతిలో ఉంటే మనిషి ఏదో పనిమీద ఉన్నట్టు కనిపిస్తాడని తీసుకెళ్లాడు. మాస్టారి కూతురికి నలభై ఏళ్లుంటాయి. ఒళ్లో కవరు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"మీరు ఇక్కడే పనిచేస్తారా?"

"అవునండి."

"దీంట్లో మాట్లాడే అమ్మాయి ఎవరో తెలుసా?"

"అది రికార్డింగండి. ఎవరో ఏంటో..."

"నేను ఆ అమ్మాయిని తిడుతుంటే మా నాన్న వద్దన్నారు," అందామె. "పడిపోయి ఉన్నంతసేపూ తనతో మాట్లాడింది ఆ అమ్మాయొక్కతే కదే అన్నారు. మధ్యలో ఇంక ఎవరూ రారని అర్థమైపోయిందట. అయినా నొక్కారట. మనిషి గొంతు వినపడుతుందని."

కామా కాఫీ బల్ల మీద పెట్టాడు. సగం సాసరులో ఒలికింది. లోపలికి పరుగులాంటి నడకతో వచ్చాడు. పదివేలు చూసుంటే మెచ్చుకునేవాడు.

కోడ్‌లో వేలు పెట్టకూడదన్నది తాళమేమీ కాదు, పదివేలు నోటిమాట. కానీ ఎవరి కోడ్‌ని వాళ్లే ఎక్కించుకోవడానికి లేదు. ఇంకొకరు చదివి సరేననాలి. కామా రాసేవాటికి సరేననేవాడు పక్క సీటు బొటనవేలు. అతను ఎనిమిదేళ్లుగా ఎవరు ఏం పంపినా చదవకుండా బొటనవేలి గుర్తు నొక్కుతున్నాడు కాబట్టి ఆ పేరు. అతనివాటికి కామా నొక్కుతాడు. ఎవరిది ఎవరు చదివినా స్నేహం చెడుతుంది.

"ఒరేయ్, పదకొండు రోజుల కిందట నేనొకటి పంపాను."

"ఏది?"

"చిన్న చిన్న సర్దుబాట్లు అని."

"నువ్వు పంపేవన్నీ ఆ పేరుతోనే ఉంటాయి కదరా."

"నాలుగు వందల పన్నెండు లైన్లు. తొమ్మిది సెకన్లలో ఓకే చేశావు."

"నావి నువ్వు ఆరు సెకన్లలో చేస్తావు. ఎప్పుడైనా అడిగానా?" అన్నాడు బొటనవేలు నొచ్చుకుంటూ.

కామా కుర్చీ దగ్గరికి లాక్కుని అంతా చెప్పాడు. బొటనవేలు తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"దాంట్లో నా పేరుంటుందా?"

"నా పేరు పక్కనే."

"చదివానంటే, తెలిసి తెలిసీ చేశావంటారు. చదవలేదంటే, ఎనిమిదేళ్లు జీతం దేనికి తీసుకున్నావంటారు. ఈ రెంట్లో ఏది చెప్పాలో నువ్వే చెప్పు." గొంతు తగ్గించాడు. "ఒక్క రోజురా. ఎల్లుండి తీసేద్దాం. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు, మొన్ననే బట్టలుతికే మిషను కూడా మాట్లాడేది కొన్నాం."

"మిషను మాట్లాడితే ఏమొస్తుందిరా?"

"ఉతకడం అయిపోయిందని చెబుతుంది."

"ఆగిపోతే తెలీదా?"

కామా స్క్రీను అతని వైపు తిప్పాడు. "ఒక్క లైను తీసేశాను. అంతే. ఆ మాస్టారికి ఎవరూ రారని తెలిసింది. తెలిసి కూడా నొక్కారటరా. గొంతు వినపడుతుందని."

బొటనవేలు తన బొటనవేలి గోరు చూసుకున్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ, ఒకటో తరగతి పిల్లాడిలా, ఒక్క లైనుని నాలుగు నిమిషాలు చదివాడు.

"ఇదొక్కటేనా?"

"ఒక్కటే."

"ఎవరికైనా అర్థమవుతుంది కదరా ఇది," అన్నాడు నీరసంగా. "ఆ రోజు చదివినా అర్థమయ్యేది."

నొక్కాడు.

హాలు అవతలి కొసన పదివేలు మలుపు తిరుగుతూ వీళ్ల వైపు చూశాడు. చూడనట్టు వెళ్లిపోయాడు. అప్పటికి టైము రెండూ నలభై.

ఇకనుంచి పడేవాళ్ల కబురు అందుతుంది. ఈ పూట ఇప్పటికే పడ్డవాళ్ల సంగతి? కామా తన వాదనల చిట్టా తెరిచాడు. పొద్దుటినుంచి మింగేసినవి రెండే ఉన్నాయి.

మొదటిదానికి బొటనవేలు ఫోన్ చేశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. అటువైపు ఎవరో కొడుకు ఎత్తాడు. "మా నాన్నా? ఇదిగో పక్కనే ఉన్నారు. దోమని కొట్టబోయి బటన్ మీద కొట్టుకున్నారట. ఏం, దానికీ ఫోన్ చేస్తారా మీరు? చాలా మంచి కంపెనీ అండి." బొటనవేలు ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు.

రెండోదానికి మోగాల్సిన ఫోను ఎవరిదో కంపెనీ రికార్డులో చూస్తే, కామాకి కనిపించింది తన నంబరే.

అత్తగారి బ్యాండు. పైకి జరిపి చూశాడు. మొదటి రోజు ఇరవై ఏడు. రెండో రోజు పంతొమ్మిది. మూడో రోజు ఆరు. ఆ తర్వాత వారం రోజులు ఏమీ లేదు. ఇవాళ ఒక్కటే ఒక్కటి, పదకొండు యాభై రెండుకి. నొక్కారు అని లేదు. పడిపోయారు అని ఉంది.

కామా ఇంటికి ఫోన్ చేశాడు. ఒకటి, రెండు, మూడు. భార్య డ్యూటీలో ఉంటుంది. అయిదు, ఆరు. బొటనవేలు అతని భుజం పట్టుకున్నాడు. తొమ్మిదో రింగుకి ఎత్తారు.

"అల్లుడుగారా? ఈ వేళప్పుడు చేశారేంటి, ఉద్యోగంలోంచి తీసేశారా?"

"ఇంకా లేదండి," అన్నాడు కామా. లేచి బల్ల అంచు పట్టుకున్నాడు. "మీరు బాగానే ఉన్నారా అత్తయ్యగారూ? పడిపోలేదు కదా?"

"నేనెందుకు పడతాను? గుండ్రాయిలా ఉన్నాను."

కామా కుర్చీలో కూలబడ్డాడు. బొటనవేలుకి ఏం ఫర్లేదని చేత్తో చెప్పాడు. బొటనవేలు అలవాటుకొద్దీ బొటనవేలెత్తి చూపించాడు.

"మరి బ్యాండుని ఎక్కడైనా గట్టిగా కొట్టుకున్నారా? కింద పడేశారా?"

అటువైపు నుంచి చప్పుడు లేదు. అత్తగారి దగ్గర మాట ఆగడం కామా పెళ్లయ్యాక ఇదే వినడం.

"మీరు ఇంకోలా అనుకోనంటే చెబుతాను," అన్నారావిడ చివరికి. "అది నా చేతికి లేదు. వారం అయింది. నేను నొక్కితే మీరు ఫోన్ చెయ్యడం మానేశారు కదా. పాపం పనిలో ఉంటారు, ఊరికే విసిగిస్తున్నానేమో అని నాకే అనిపించింది. తీసేసి మీ మామగారికి కట్టాను."

"మామయ్యగారు ఒప్పుకున్నారా?"

"ఈ మధ్య నడుస్తుంటే కళ్లు తిరుగుతున్నాయన్నారు. మీకు చెప్పొద్దన్నారు, ఆవు మాట మీరు మళ్లీ ఎత్తుతారని. నిండు చేతుల చొక్కా కింద దాచుకుని తిరుగుతున్నారు."

"ఆయనకి ఓసారి ఫోనివ్వండి."

"ఇంట్లో లేరు. పొద్దున పదింటికి వెళ్లారు. భోజనానికి వచ్చేస్తానన్నారు, ఇంకా రాలేదు. నేనూ తినకుండా కూర్చున్నా."

"సెల్లు తీసుకెళ్లారా?"

"ఇక్కడే ఉంది, చార్జింగులో. చేతికి అది ఉండగా ఇదెందుకని నేనే పెట్టేయించాను."

కామా ఫోను రెండో చెవికి మార్చాడు. "ఎక్కడికి వెళ్తున్నారో చెప్పారా అత్తయ్యగారూ? మీరు అడిగారా?"

"నేనెందుకు అడుగుతాను?" అన్నారావిడ, ఇంత చదివిన అల్లుడికి ఈ మాత్రం తెలీదా అన్నట్టు. "ఆయన ఎక్కడున్నా మీకు తెలుస్తుంది కదా. దానికే కదా అది కట్టుకునేది."

కామా స్క్రీను వైపు చూశాడు. టైము ఉంది. పన్నెండంకెలూ ఉన్నాయి. పడిపోయారు అని ఉంది. అంతకంటే ఏమీ రాసుకోవద్దని అతనే అనుకున్నాడు.

"కాస్త మీదాంట్లో చూసి చెప్పండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. వెనక ఎక్కడో గిన్నె మూత తీసిన చప్పుడు. "దగ్గర్లోనే ఉంటే కూర వేడి చేస్తాను. ఎక్కడున్నారు?"